పెళ్లికి కాదు, కార్పెట్‌కి

పెళ్లికైతే కట్టుకోవచ్చట, చావుకైతే కట్టుకోవచ్చట, కొత్త సంవత్సరం వచ్చిందని తాగి వీధిలో పాడటానికైతే నిక్షేపంగా కట్టుకోవచ్చట, కానీ పడకగదిలోకి కార్పెట్ కొనడానికి అవతలి ఒడ్డున ఉన్న ఓబన్ వెళ్తూ మోకాళ్ల దాకా వచ్చే ఈ గళ్ల కిల్ట్ కట్టుకున్న మగవాడు ఈ మల్ దీవిలో ఇంతవరకూ లేడట. ఈ మాట ఇష్‌బెల్, క్రెయిగ్‌న్యూర్ రేవులో, కారుకు తాళం వేసి, పడవ ఎక్కే వరసలో నిలబడి, గొంతు పెంచకుండా అంది. గొంతు పెంచకపోవడం నా భార్య పద్ధతి. తను పెంచితే నేనూ పెంచుతానని, అరుపుల్లో పడితే నాదే పైచేయి అవుతుందని ఆమెకు తెలుసు. "దాంతోనే ఎక్కుతావా?" అంది. "దీంతోనే" అన్నాను. "అయితే నువ్వెవరో నేనెవరో. అవతలి ఒడ్డున కలుద్దాం" అని తన టికెట్టు తను పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. వెళ్లనీ. ఇప్పుడు ఆమె లోపల వెచ్చగా, ముందు వరసలో, కిటికీ పక్కన కూర్చుంది. అద్దంలోంచి నెరిసిన జుట్టు, నీలం కోటు కాలరు కనిపిస్తున్నాయి. నేను బయట, పై అంతస్తులో, తడి చెక్క బల్ల మీద. గాలి కాళ్ల చుట్టూ తిరుగుతోంది, ముడతల్లోకి దూరి ఉన్ని గుడ్డను బరువుగా ఊపి వదిలేస్తోంది. బాగుంది. ఇది ఎందుకు బాగుందో ఎవరికైనా చెప్పమంటే చెప్పలేను. చెప్పను కూడా. బాగున్నదాన్ని బాగుందని రుజువు చెయ్యవలసిన పని మనిషికి ఎందుకు ఉండాలి?

పడవలో తాళ్లు చూసే ఆర్చీ నాతోపాటు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, వాడు మాత్రం ఇందాక రేవు వరసలోనే రుజువు అడిగాడు. "ఏరా హెక్టర్, ఎవరి పెళ్లి?" అన్నాడు అందరూ వినేలా. ఎవరిదీ కాదు, కార్పెట్ అన్నాను. "కార్పెట్‌కి పెళ్లా?" "అవున్రా, మా గది నేలతో. నీకు శుభలేఖ అందలేదా?" వెనక ఎవరో నవ్వారు. వాడు ఓడిపోయినట్టు తల ఊపి, మళ్లీ ఏదో దొరికినట్టు, "వంశానికో గళ్ల నేత ఉంటుంది, ఆ గళ్లు మీ వంశానివి కావు కదరా" అన్నాడు. కావు. ఏ వంశానివో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పాత బట్టలు అమ్మే కొట్లో, ఎవరో చనిపోయినాయన కోట్ల పక్కన వేలాడుతుంటే చూశాను, ముదురాకుపచ్చ మీద సన్నటి ఎర్ర గీతలు, అంచు దగ్గర కాస్త చిమ్మెట తిన్నది. నడుముకు చుట్టి బకిళ్లు పెట్టుకుంటే సరిపోయింది. వంశం నడుమును బట్టి ఉంటుందని ఆర్చీకి చెప్పాను. అది వాడికి అర్థం కాలేదు. అప్పటికింకా వరసలో నా వెనకే ఉన్న ఇష్‌బెల్ ఆ మాటలన్నీ వింది, విననట్టు టికెట్టు వైపు చూసుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఆ ఎరుపు ఒక్కటే నన్ను కాస్త గుచ్చింది. కానీ గుచ్చినంతమాత్రాన ఇంటికి వెళ్లి ప్యాంటు వేసుకుని వస్తానా? రాను.

ప్యాంటు సంగతి నాకు చెప్పకండి. ప్యాంటు గురించి నాకు తెలిసినంత ఈ దీవిలో ఎవరికీ తెలియదు. సాల్మన్ చేపల పెంపకంలో నా జీవితమంతా రబ్బరు ప్యాంటులో గడిచింది, ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో వేలాడేది. పైనుంచి సముద్రం లోపలికి రాకూడదని దాన్ని వేసుకుంటాం, కానీ లోపల మన చెమటే ఒక సముద్రం. పొద్దున వేసుకుంటే చీకటి పడ్డాక విప్పడం, విప్పితే తొడల మీద చర్మం ఉడికిన చేపలా తెల్లగా ముడతలు పడి ఉండేది. చలికాలంలో ఒరుపులు, ఎండాకాలంలో పుండ్లు. వాసన ఎంత కడిగినా పోయేది కాదు. పడక మీద ఇష్‌బెల్ ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు, అది ఒప్పుకోవాలి. మందు రాసి, పౌడరు చల్లి, వెనక్కి తిరుగు అనేది, ముందుకు తిరుగు అనేది, వంటింట్లో చేపకు ఉప్పు రాసినట్టే. ఉద్యోగం మానేసిన రోజు ఆ రబ్బరు ప్యాంటును రేవు గోడ మీద పడేసి వెనక్కి చూడకుండా వచ్చాను. తర్వాత చాలా రోజులు ఆమె కొన్న బూడిదరంగు ప్యాంట్లే వేసుకున్నాను. అవి ఒకటి చిరిగితే అదే కొట్లో అదే రంగులో ఇంకొకటి వచ్చేది. మా పెళ్లయిన దగ్గర్నుంచీ నా బట్టలన్నీ ఆమె కళ్లతో కొన్నవే, నాకు అందులో ఏ బాధా లేదు, ఎందుకంటే బట్టల గురించి నాకొక అభిప్రాయం ఉండొచ్చని నాకే తెలియదు. మొదటిసారి కిల్ట్ కట్టుకుని పెరట్లో కట్టెలు కొట్టడానికి వెళ్లాను. గొడ్డలి ఎత్తాను. కింద నుంచి గాలి వచ్చింది. అంతే. గొడ్డలి అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. కాళ్లు నావి అనిపించింది. ఇన్నేళ్లు వాటిని ఎవరికో అద్దెకిచ్చి ఇప్పుడు వెనక్కి తెచ్చుకున్నట్టు.

డ్యూఆర్ట్ కోట పక్కనుంచి పోతోంది పడవ. జనం ఫోన్లు తీశారు. కోట ముందు నల్లటి రాళ్ల మీద సీల్ జంతువులు పడుకుని ఉన్నాయి, వాటికి ఏ బట్టా లేదు, వాటి పెళ్లాలు ఏమీ అనవు. ఇష్‌బెల్ అంటుంది. ఏడాది నుంచీ అంటూనే ఉంది. "బిస్కెట్ డబ్బా మీది బొమ్మలా ఉన్నావు" అంది మొదట. తర్వాత, "ఏమిటా పగటివేషం, పాలు తేవడానికి?" అంది. నేను కొట్టుకు వెళ్తుంటే ఆమె కోళ్ల దగ్గర పని కల్పించుకునేది. దారిలో ఎదురైతే రోడ్డు దాటేది, నిజంగానే దాటింది ఒకసారి, పాస్టరు గారి భార్య చూస్తుండగా. దాన్ని ఉతకదు, ముట్టుకోదు, కుర్చీ మీద వేస్తే ఆ కుర్చీలో కూర్చోదు. ముడతలు ఒక్కొక్కటి దారంతో కుట్టి, తడి గుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యడం నేనే నేర్చుకున్నాను, వేళ్లు కాల్చుకుని. నేర్చుకున్నానని గొప్పగా చూపిస్తే తల తిప్పుకుంది. ఒకరోజు, ఆమెను సంతోషపెడదామనే, "మీ నాన్న కూడా కట్టుకునేవాడుగా" అన్నాను. చేతిలో కత్తి లాంటిది ఏదైనా ఉంటే విసిరేదేమో, ఏమీ లేక గదిలోంచి లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. వాళ్ల నాన్న లాక్లన్‌ని నేను చిన్నప్పుడు బస్సులోంచి చూసేవాణ్ని, కొండ మలుపులో పెద్ద హోటలు, దాని మెట్ల మీద పూర్తి వేషంలో నిలబడి, చంకలో తోలుసంచి నొక్కుతూ ఊదే బ్యాగ్‌పైపు వాయించేవాడు, ఎండాకాలమంతా. ఊపిరి నింపుకున్న బుగ్గలు, వెండి బకిళ్లు, మోకాళ్ల దాకా కిల్ట్. అంత అందమైన మనిషిని నేను చూడలేదు. ఆయన పోయాక ఆ కిల్ట్ ఏమైందని ఒకసారి అడిగాను. కాల్చేశాను అంది ఇష్‌బెల్, బంగాళాదుంప తొక్కు తీస్తూ. మా పెళ్లికి నా స్నేహితులందరూ కిల్టులు అద్దెకు తెచ్చుకున్నారు, నన్ను మాత్రం గోధుమరంగు సూటు వేసుకోమంది. ఎందుకని అడగలేదు. ఫోటోలో వాళ్ల మధ్య నేను బీమా ఏజెంటులా ఉంటాను. అప్పుడు ఆమె మాట విన్నాను. ప్రతిసారీ వినాలని ఏముంది? పెళ్లంటే మాట ఇవ్వడమే, కాదనను, కానీ నా నడుము నుంచి మోకాళ్ల దాకా ఉన్న చోటును ఆ రోజు ఎవరికీ రాసివ్వలేదు.

క్యాంటీన్ నుంచి టీ తెచ్చుకుని పడవ అంచు కమ్మీల పక్కన నిలబడ్డాను. టీ బాగా వేడిగా ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాను. లోపలి నుంచి ఆడవాళ్ల గుంపు ఒకటి వచ్చింది. బస్సు యాత్ర మీద వచ్చినవాళ్లు, నా వయసువాళ్లే, రంగు రంగుల వానకోట్లు, దక్షిణపు ఇంగ్లిషు యాస. దీవంతా తిరిగారు, చూడాలని వచ్చిన సముద్రపు గద్ద కనిపించలేదు, నేను కనిపించాను. "ఒక్క ఫోటో దిగుదామా మీతో?" అని పసుపుపచ్చ కోటామె మర్యాదగానే అడిగింది. సరే అన్నాను. ఎందుకు కాదంటాను, బాగున్నానని అడిగారు, ఇంట్లో ఎవరూ అనని మాట. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది, ఇంకొకామె ఫోను పట్టుకుంది. నేను గడ్డం పైకెత్తాను. అప్పుడు వెనక నుంచి తొడ మీద చల్లగా ఏదో తగిలింది. ఇనుము. మూడో ఆమె, ఎర్ర టోపీ పెట్టుకున్నామె, గొడుగు మొనతో నా కిల్ట్ అంచును పైకి లేపుతోంది. "లోపల ఏముందో చూడొద్దూ మరి" అంది, అందరూ పడీ పడీ నవ్వారు.

కిల్ట్ కింద ఏమీ వేసుకోరట కదా అనే ఈ ప్రశ్నకు ఈ దేశంలో ప్రతి మగవాడి దగ్గరా అరడజను జవాబులు ఉంటాయి, తాతలు చెప్పినవి, అరిగిపోయినవి. టీ ఒలికి వేళ్ల మీద పడింది. కప్పు పారేసి చెయ్యి వెనక్కి పెట్టి అంచు పట్టుకోవాలి, అంతే చెయ్యాల్సింది, అది చెయ్యలేదు, టీ ఒలకకుండా పట్టుకుని నిలబడ్డాను. పైగా నవ్వాను. ఎందుకు నవ్వానో ఆ దేవుడికి తెలియాలి. మొహం దానంతట అదే నవ్వింది. గాలిలో ఇంతసేపు నావే అనిపించిన కాళ్లు ఇప్పుడు సంతలో పెట్టిన కాళ్లు. గొడుగు ఇంకా పైకి లేస్తోంది. ఫోను పట్టుకున్నామె, "ఆగండాగండి, ఇంకోటి" అంటోంది. దూరాన ఆర్చీ నన్ను చూశాడు, చూసి తాడు వైపు తిరిగాడు. వాడు నా సిగ్గు చూడటం ఇష్టం లేక తిరిగాడని నాకు తెలుసు, అయినా ఆ క్షణంలో వాణ్ని సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది.

"గొడుగు దించండి" అన్న మాట వినిపించింది. గొంతు పెంచకుండా. ఇష్‌బెల్ ఎప్పుడు వచ్చిందో, నీలం కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చేతిసంచి మోచేతికి తగిలించుకుని, తను పనిచేసిన బడిలో భోజనాల దగ్గర పిల్లల వరసను సరిచేసేటప్పుడు నిలబడినట్టు నిలబడి ఉంది. ఎర్ర టోపీ ఆమె నవ్వుతూనే, "సరదాకేనండీ, ఈయనేమీ అనుకోరు" అంది. ఇష్‌బెల్ అడిగింది: "మీవారు వచ్చారా పడవలో?" ఆమె తెల్లబోయి, లోపల పేపరు చదువుకుంటున్నారు అంది. "పిలవండి. ఆయన ప్యాంటు బొత్తాం నేను విప్పుతాను, సరదాకే. మీ స్నేహితురాలు ఫోటో తీస్తుంది. ఆయన కూడా ఏమీ అనుకోరులెండి." గొడుగు దిగింది. ఎవరూ నవ్వలేదు. పసుపుపచ్చ కోటామె నా వైపు తిరిగి క్షమించమంది, నిజంగానే సిగ్గుపడింది పాపం, ఫోనులో ఉన్నది తుడిపించింది, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లిపోయారు. ఇష్‌బెల్ నా చేతిలోంచి కప్పు తీసుకుని మిగిలిన టీ సముద్రంలో పారబోసింది. వేళ్లు చూసింది. బొబ్బ రాదు అంది. తర్వాత నా పక్కనే, ఆ తడి బల్ల మీద కూర్చుంది.

నేను చెప్పానా లేదా అంటుందని చూశాను. అనలేదు. లిస్మోర్ దీపస్తంభం దగ్గరకొచ్చింది, అక్కడ ఎప్పుడూ నీళ్లు రెండు వైపుల నుంచీ కొట్టుకుని మరుగుతున్నట్టు ఉంటాయి, పడవ కాస్త ఒరిగింది. ఆమె ఆ నీళ్లనే చూస్తూ, "అది గొడుగు కాదు, చేతికర్ర" అంది. నాకు అర్థం కాలేదు. "మా నాన్నకైతే. గొడుగు కాదు, ఎవరో పెద్దమనిషి చేతికర్ర." అప్పుడు చెప్పింది, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, ముక్కలు ముక్కలుగా, మధ్యలో గాలి కొన్ని మాటలు పట్టుకుపోతుంటే. వాళ్లమ్మ ఆ హోటలు వంటింట్లో పని చేసేది, చిన్నపిల్ల ఇష్‌బెల్ పక్కగోడ దగ్గర కూర్చుని బఠాణీలు వలిచేది. అక్కణ్నుంచి మెట్లు కనిపించేవి. సాయంత్రం భోజనాలకు ముందు నాన్న వాయించాలి, గంట కొట్టేదాకా ఆపకూడదు, అది హోటలువాళ్ల నియమం. అతిథులు గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్లు. ఎవరో ఒకరు, ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు, కర్రతో అంచు లేపి లోపలికి చూసేవాళ్లు. "ఆయన రెండు చేతులూ పైపు మీద ఉండేవి హెక్టర్. చంకలో సంచి. వదిలితే పాట ఆగిపోతుంది." గాలి తగ్గేదాకా ఆగి మళ్లీ అంది: "వదిలేవాడు కాదు. నోట్లో గొట్టం పెట్టుకునే నవ్వేవాడు, కళ్లతో. వాళ్లతో కలిసి. రాత్రి ఇంటికొచ్చి దాన్ని విప్పి మేకుకు తగిలించి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నువ్వు ఆ గుడ్డ కట్టుకున్నప్పుడల్లా నాకు నీ కాళ్లు కనిపించవు. ఆ చేతులు కనిపిస్తాయి."

నేను బస్సులోంచి చూసిన మనిషి అదే మనిషి. అదే మెట్లు. బస్సు ఎప్పుడూ ఆగేది కాదు, అందుకని నాకు బుగ్గలు, వెండి బకిళ్లు మాత్రమే కనిపించాయి. గోడ పక్కన బఠాణీలు వలిచే పిల్ల కనిపించలేదు. గోధుమరంగు సూటు ఎందుకో ఇప్పుడు తెలిసింది. పాస్టరు గారి భార్య ముందు రోడ్డు దాటింది నన్ను చూసి కాదని తెలిసింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే నువ్వు జాలిపడి తీసేసేవాడివి. జాలి నాకెందుకు" అంది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నా, ఏడాదిగా నన్ను బిస్కెట్ డబ్బా అన్నప్పుడు రాని కోపం. "ఇప్పుడు ఏం చెయ్యమంటావు మరి? తీసెయ్యనా?"

"అడిగితే తీసేస్తావా?" అంది, మొహం నా వైపు తిప్పి. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

తీసెయ్యొచ్చు. ఓబన్‌లో రేవు ఎదురుగానే బట్టల కొట్టు ఉంది, బూడిదరంగు ప్యాంటు దొరుకుతుంది, కార్పెట్ కంటే ముందు అది కొనొచ్చు. పుండ్లకు మందు రాసిన చేతులు ఆమెవి. ఆ చేతులు ఇన్నేళ్లలో నన్ను ఏమడిగాయి? పడక మీద పక్కన గోడ వైపు తిరిగి పడుకునే మనిషి వద్దు అనే కదా ఈ ఏడాదంతా ఆమె తన్నుకులాడింది. తీసేస్తే ఆమె రాత్రుళ్లు నెమ్మదిగా నిద్రపోతుందేమో. కానీ తీసేసి ఆ కొట్లోంచి బయటికొచ్చిన హెక్టర్‌ని తలుచుకున్నాను. ఎవరో ఆడమనిషి గొడుగు మొనతో విప్పించిన మనిషి. హోటలు మెట్ల మీద వాళ్లు కర్ర తెచ్చారు, ఇక్కడ వీళ్లు గొడుగు తెచ్చారు, రేపు ఇంకెవరో ఇంకేదో తెస్తారు, వాళ్లు తెచ్చినప్పుడల్లా మనం ఒక్కో గుడ్డ కాల్చుకుంటూ పోతే చివరికి మనకు కట్టుకోవడానికి ఏం మిగులుతుంది? ఆయన కట్టుకున్నది వాళ్ల కోసం. గంట కొట్టేదాకా. నాకు గంట కొట్టేవాడు లేడు. నేను కట్టెలు కొట్టడానికి కట్టుకుంటాను, పాలు తేవడానికి కట్టుకుంటాను, కోళ్లు చూస్తే చూస్తాయి. తప్పు చేసింది గొడుగు, గుడ్డ కాదు. నవ్విన నా మొహాన్ని కూడా క్షమించను, ఇంకోసారి నవ్వదు అది.

"తీయను" అన్నాను.

ఆర్చీ తాడు భుజాన వేసుకుని అటుగా పోతూ మా ఇద్దర్నీ ఒకే బల్ల మీద చూసి, ఏదో అనబోయి, ఇష్‌బెల్ మొహం చూసి మానుకున్నాడు. ఓబన్ ఇళ్లు కనిపిస్తున్నాయి, కొండ మీద గుండ్రటి రాతి గోడ, రేవులో చేపల కొట్టు పొగ. యంత్రం చప్పుడు మారింది. "అలా కాదనే ఒక్క మాట మా నాన్న నోట ఒక్కసారి వినుంటే" అని మొదలుపెట్టి ఆగిపోయింది. చేతిసంచి తెరిచింది, మూసింది. "అయినా నాకది నచ్చలేదు హెక్టర్. ఎప్పటికీ నచ్చదు. ఇప్పుడు చెప్పాను కదా అని నచ్చిందనుకోకు."

"అనుకోను" అన్నాను.

మెట్ల దగ్గర జనం గుమిగూడారు. వానకోట్ల గుంపు మాకంటే ముందు, ఎవరూ వెనక్కి తిరిగి చూడటం లేదు. ఇష్‌బెల్ తన చోటు నుంచి కదిలి నా పక్కకు వచ్చి నిలబడింది, రెండు టికెట్లూ తనే పట్టుకుంది. తలుపు తెరుచుకుని గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది, ముడతలు లేచి పడ్డాయి. ఆమె కింది నుంచి పైదాకా నన్నొకసారి చూసింది, ఏడాదిలో మొదటిసారి, పూర్తిగా, తల తిప్పుకోకుండా. "వెనక ఒక ముడత నలిగింది. ఇస్త్రీ అంటే అదా?" అంది. చూపు కిందికి దించింది. "కట్టుకుంటే కట్టుకున్నావు, మేజోళ్లయినా పైకి లాక్కో. కార్పెట్ కొట్టువాడు ఏమనుకుంటాడు?"

వంగి చూశాను. రెండూ చీలమండల మీదికి జారి కుప్పగా పడి ఉన్నాయి. హాయిగా ఉంది. లాక్కోలేదు.